చీపురు పట్టని పూట

ప్రియమైన మరదలికి,

నీ బావ రాస్తున్నాను. ఒళ్లు బాగానే ఉంది, మనసే కుదురుగా లేదు. నువ్వూ పాపా కులాసాగా ఉన్నామని రాశావు చూడు, ఆ ముక్క మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నీ పక్క మిషను మీద కుట్టే ఆవిడ చెప్పినట్టు, విజిటింగ్ వీసా మీద వచ్చి ఇక్కడే ఉండిపోవడం కుదరదు. అది చూసి పొమ్మని ఇచ్చే వీసా. గడువు దాటితే పట్టుకుని పంపేస్తారు, మళ్లీ గడప తొక్కనివ్వరు. సలహా ఇవ్వడానికి ఆవిడకేం, నోరే కదా!

ఎన్నాళ్లుంటే ఇక్కడ స్థిరపడనిస్తారని అడిగావు. చేతిపని వచ్చినవాడి పర్మిట్ ఉంటే ఐదేళ్లు. ఈలోపే పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోవచ్చు. నాది ఆ పర్మిట్ కాదు. నేను పరిచేది టైల్స్, కాగితం మీద మాత్రం ఊడ్చేవాణ్ణి. జీతం తక్కువ ఇవ్వొచ్చని మా కాంట్రాక్టరు అందరినీ అలాగే రాయించాడు. ఊడ్చే పని తక్కువదని కాదు నా కోపం. ఆ పర్మిట్ మీద తల నెరిసేదాకా ఉన్నా ఇల్లూ రాదు, ఇల్లాలూ రాదు.

ఇక్కడో పద్ధతి ఉంది. తనిఖీ వాళ్ల కారు గేటు దగ్గర ఆగగానే కాంట్రాక్టరు ఈల వేస్తాడు. అందరం తాపీలు పడేసి చీపుళ్లు అందుకోవాలి. గోడకు సగం దాకా అతికిన టైల్స్ మాత్రం వాటంతటవే పాక్కుంటూ ఎక్కినట్టు ఉంటాయి!

ఇన్నాళ్లూ నీకు రాయకుండా దాచింది ఇప్పుడు చెబుతున్నాను, తిట్టకు. పాప నా ఫొటోకి ముద్ద పెడుతోందని నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజే ఈల పడింది. నేను చీపురు పట్టలేదు.

"ఏం పని చేస్తావు?" అంది తనిఖీ ఆవిడ.

"కనబడట్లేదా? ఈ గోడంతా నేనే వేశాను" అన్నాను.

అంతే, నా పర్మిట్ ఆపేశారు. ఇవాళ తనిఖీ వాళ్ల ఆఫీసుకు రమ్మన్నారు. కోపంలో ఏదో వాగానని ఒప్పుకుంటే పాత పర్మిటే నిలబెడతానంటున్నాడు కాంట్రాక్టరు. జరిగింది జరిగినట్టు చెబితే, విచారణ తేలేదాకా ఉండనిచ్చి నాకు పని పరీక్ష పెడతారట. సర్టిఫికెట్టా, గురువా? నాకేదీ లేదు, పక్కవాడి చేతులు చూసి నేర్చుకున్నవాణ్ణి. నెగ్గితే మిమ్మల్ని తెచ్చుకోవచ్చు. కానీ మా గదిలో అందరి పర్మిట్లూ తిరగేస్తారు. ఎవరిని ఉంచుతారో, ఎవరిని పంపేస్తారో.

గదిలో ఎవడూ నాతో మాట్లాడటం లేదు. మాలో పెద్దవాడు, బాబాయ్ అని పిలుస్తాం, ఆయనొక్కడే మొహం మీద అడిగాడు. "నీ పెళ్లాం రావాలని మా నోటి దగ్గర కూడు లాగేస్తావట్రా?"

"లాగేది నేనా, ఆ కాంట్రాక్టరా, బాబాయ్?"

"వాడెప్పుడూ లాగేవాడేరా. నువ్వు మనవాడివి అనుకున్నాం."

ఆ మాట పడ్డాక అన్నం కూడా సహించడం లేదు. అయినా నిజమే చెబుతాను. పంపేస్తే వచ్చేస్తాను, అక్కడ గోడలకేం కరువు? ఉండనిస్తేనే నాకు భయం. మనవాళ్లలో నిన్ను పలకరించే మనిషి ఒక్కడూ మిగలని చోటికి నిన్ను రమ్మంటున్నాను. వస్తావా? మొహమాటం లేకుండా రాయి.

ఇట్లు,
నీ కోపిష్టి బావ