యోనాగారి ఆదివారం కథకు నా తర్వాత జోడీ ఎవరు

తెనాలి పెంటయ్యగారి కుమార్తెను, ప్రస్తుతం ఐర్లండ్‌లో ఎన్నిస్ కాపురస్తురాలిని, ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరును అయిన లలితకుమారి అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్థిరమైన బుద్ధితో, స్వదస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరమేనా అని మా ఇంట్లో అనుమానం ఉంది. లాక్‌డౌన్‌లో ఊరంతా బనానా బ్రెడ్ చేసుకుంటుంటే నేను జానపద కథలు ముందేసుకుని యిడ్డిష్ నేర్చుకోవటమే దానికి కారణం. తూర్పు యూరప్ యూదుల ఇంటిభాష అది. బుర్ర సరిగ్గా లేనివాళ్ళకు అది ఎక్కదు కనక ఆ అనుమానం ఇంతటితో తీరిపోవాలి.

ఇల్లూ పొలమూ సంగతి న్యాయవాది దగ్గరున్న ఇంగ్లీషు వీలునామాలో ఉంది. దాన్ని ఇది రద్దు చేయదు. రేపు మళ్ళీ కోవిడ్ వార్డుకు పోతున్నాను గనక, అందులో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను. వీటిని అమలు జరపవలసినవారు నా భర్త శేషగిరిగారు.

చదువులో నా జోడీ యోనాగారు. డబ్లిన్‌లో ఒంటరిగా ఉంటారు, ఎనభై దాటాయి, ఇల్లు కదలొద్దన్నారు. యిడ్డిష్ ఆయన తల్లిభాష. ఆ భాషలో మాట్లాడటానికి ఆయనకు నేను తప్ప ఎవరూ మిగల్లేదు. ఒక పేరా ఒకరు, ఇంకో పేరా ఇంకొకరు పైకి చదువుతూ, కొట్లాడుకుంటూ నేర్చుకోవటం యూదుల పద్ధతి. ఒంటరిగా చదివింది చదువే కాదంటారు. ఆదివారం ఆదివారం ఫోనులో మాకు అదే పని. నేను పోతే ఆయన ఫోను ఎవరు తీస్తారన్నదే నా దిగులు.

1. మా మరిది కృష్ణమూర్తి డబ్లిన్ పక్కనున్న స్వోర్డ్స్‌లో తెలుగు సంఘం అధ్యక్షుడు. "మన భాషకే దిక్కు లేదు, వాళ్ళ భాష నీకెందుకు వదినా?" అని నన్ను నిలదీసి, ఆ మర్నాడే మాతృభాష గొప్పతనం గురించి జూమ్‌లో గంటసేపు ఇంగ్లీషులో ఉపన్యసించాడు. అతనికి నా హెడ్‌సెట్ ఇస్తున్నాను. మైకు విరిగింది. వినటానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది.

2. మా ఆసుపత్రి అంటువ్యాధుల కమిటీవారికి. ఒక ముసలాయన వెంటిలేటరు మీదనుంచి బయటపడి టీ అడిగాడు. ఆనందం పట్టలేక, దిష్టి తగలకుండా, యిడ్డిష్ కథల్లో అవ్వల్లాగా మూడుసార్లు "థూ థూ థూ" అన్నాను. మా అమ్మమ్మా అంతే చేసేది, కాబట్టి నోరు ఆగలేదు. మాస్కు లోపలే అన్నాను, చుక్క బయట పడలేదు. అయినా విచారణ జరిగింది. నేను వారికి దిష్టి గురించి వివరంగా చెప్పాను. వారు నాకు చేతులు కడుక్కునే వీడియో మళ్ళీ చూపించారు. అది చూసినందుకిచ్చిన సర్టిఫికెట్టును వారికే దఖలు పరుస్తున్నాను. ముసలాయన నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు.

3. మా అత్తవారు పెళ్ళి శుభలేఖలో పెంటయ్య అని వేయటానికి నామోషీపడి "పి. రావు" అని అచ్చేయించారు. అంతకుముందు పుట్టిన పిల్లలు దక్కక, చావు అసహ్యించుకుని వదిలేయాలని మా నాయనమ్మ పెట్టుకున్న పేరది. యోనాగారికి పసితనంలో జబ్బుచేస్తే వాళ్ళవాళ్ళు "ముసలాడు" అని పేరు మార్చారట, మృత్యువు వచ్చి చూసి, పిల్లాడు కాదనుకుని పోవాలని. ఆ మాట విన్నరోజు నేను వెక్కివెక్కి ఏడ్చాను. నా చావు ప్రకటనలో పెంటయ్య కూతురని పూర్తిగా పడాలి. ఈ దేశంలో జనం టీ అయినా మానతారు గానీ ఆ ప్రకటనలు చదవటం మానరు.

4. నా కూతురు మృదులకు. తెలుగులో ఏమడిగినా మా క్లేర్ జిల్లా యాసలో "గ్రాండ్, మామ్", అంటే బాగానే ఉందిలే అమ్మా, అనటం తప్ప జవాబివ్వని పిల్ల. నేను డ్యూటీలో ఇరుక్కుపోయిన ఒక ఆదివారం యోనాగారి ఫోను తనే తీసి, నా వంతు పేరాలు చదివిందట! గోడవతలనుంచి వింటూ, నా యిడ్డిష్ అక్షరాల అట్ట చూస్తూ నేర్చుకుందట. "మీకన్నా నయం" అన్నారాయన. దీని దుంప తెగ! అఆలు దిద్దించటానికి నేను లంచం పెట్టిన ఐస్‌క్రీములన్నీ ఏ గంగలో కలిసినట్టు? సరే, జోడీలో నా సగం దానికే రాస్తున్నాను.

ఆదివారం ఫోను తియ్యి తల్లీ. నేను పోయానని మొదటే చెప్పకు. ఊళ్ళోకి జ్వరం రాకుండా కథలోని ఊరిపెద్దలు పొలిమేర రాయి మీద "ఊరు ఇక్కడ లేదు" అని చెక్కించిన చోట కథ ఆపాము. ముందు అది పూర్తిచెయ్యి. ఆయన్ని కడుపారా నవ్వనివ్వు. తర్వాత చెప్పు.

5. శేషగిరిగారికి. మృదులకు తెలుగు చదవటం రాదు. ఇంగ్లీషులోకి మార్చి వాట్సాప్‌లో పంపితే ఈ వీలునామా చెల్లదు. ఈ లాక్‌డౌన్ అంతా మీరిద్దరూ ఒకే గదిలో చెరొక ల్యాప్‌టాప్ చూసుకుంటూ, ఒక్క మాటైనా లేకుండా గడిపారు. చూసి చూసి నా ప్రాణం విసిగింది. దాని పక్కన కూర్చోండి. ఒక వాక్యం మీరు చదవండి, అదే వాక్యం దాని చేత అనిపించండి. అర్థం కాలేదంటే ఆగి చెప్పండి. నేను రాసింది తప్పనిపిస్తే ఇద్దరూ కొట్లాడుకోండి. ఏడుపొస్తే ఏడవండి, కానీ చివరి పేరు దాకా చదవండి.

మా వాకిట్లో, ఎడంగా నిలబడి, కారు బానెట్ మీద కాగితం పెట్టి, సాక్షులిద్దరి కళ్ళెదుట సంతకం చేశాను. వారికి ఇందులో ఏ వాటా లేదు.

ఎన్నిస్, 24 జనవరి 2021, ఆదివారం.

(సంతకం) లలితకుమారి

సాక్షులు:
జీవరత్నం, నర్సు
కృపాదానం, పక్కింటివారు