ఎడమకు తిరిగితే హారన్

షెడ్డు నడిపే మెకానిక్ గారికి,

మంగళవారం మధ్యాహ్నం నా కారును నేనే తెచ్చుకున్నాను. మీరు భోజనానికి వెళ్లినట్టున్నారు, షెడ్డులో పిలిస్తే పలికే మనిషి లేడు. నా దగ్గరున్న రెండో తాళంచెవితో తీసి నడుపుకొచ్చాను. నేను రాసిచ్చిన నాలుగు లోపాలూ, అంటే పైకి లేవని అద్దం, కీచుమనే వైపరు, వెనక్కి జరగని సీటు, మూతపడని డిక్కీ, పూర్తిగా పోయాయి. సంతోషం. అయితే వాటి స్థానంలో కొత్తవి ఎందుకు పెట్టారో బోధపడటం లేదు. స్టీరింగు ఎడమకు తిప్పితే హారన్ దానంతటదే మోగుతోంది. సీటు ఎంత వెనక్కి జరిగిందంటే, బ్రేకు అందుకోవడానికి దాదాపు పడుకోవలసి వస్తోంది. పైగా ముందు అరలో సగం ఖాళీ అయిన సిగరెట్ పెట్టె.

ఆదివారం మా తమ్ముడు వచ్చి ఈ కారును పరీక్షిస్తాడు. ఒక్క లోపం కనిపించినా తాళాలు అతనికి అప్పగించి, అతను వెదికిపెట్టిన డ్రైవరు వెనక నేను బుద్ధిగా కూర్చోవాలి. అదీ పందెం. "ఈ వయసులో నీకెందుకక్కా ఈ తిప్పలు" అంటాడు. నాకన్నా రెండేళ్లే చిన్న.

ఇట్లు,
తన కారు తానే నడుపుకొనే రిటైర్డ్ లెక్చరర్

తా.క.: ఫోను చేయవద్దు. అన్న మాట అనలేదనడానికి ఫోనంత అనువైన పరికరం లేదు. మా పనిమనిషి మీ జవాబు చేతికొస్తేనే కదులుతుంది.

* * *

లెక్చరరమ్మగారికి మెకానిక్ నమస్కారాలు.

అమ్మా, మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను, మా ఆవిడ చేత ఒకసారి చదివించాను. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. మీ కారు బాగవడం ఏంటమ్మా, నేనసలు మొదలే పెట్టలేదు. అద్దం లేపే సామాను ఇంకా రాలేదు. మీ బండి ఎక్కడికీ పోలేదు. దాని బానెట్ మీద కాగితం పెట్టుకునే ఇది రాస్తున్నాను. డిక్కీ ఇంకా నోరు తెరుచుకునే ఉంది.

మీ పనిమనిషి "ఆవిడతో వాదన పెట్టుకోకు, నాలుగు ముక్కలు రాసి పంపెయ్" అంటోంది. రాసేశాను.

మీ మెకానిక్

తా.క.: సిగరెట్లు మావి కావు. ఇంత పెట్రోలు మధ్య సిగరెట్ వెలిగిస్తే ఉత్తరం రాయడానికి నేనుండను.

* * *

బానెట్ మీద ఉత్తరాలు రాసే మెకానిక్ గారికి,

నా కారు మీ ఎదుట ఉందని రాశారు. నేను కిటికీలోంచి తల తిప్పితే నా కారు నా ఎదుట ఉంది. ఒకే వస్తువు ఒకే సమయంలో రెండు చోట్ల ఉండదని ముప్పై మూడేళ్లు పాఠం చెప్పాను, ఇప్పుడు మార్చుకోలేను. మనిద్దరిలో ఎవరో ఒకరికి కంటి పరీక్ష అవసరం. నాది పోయిన నెలే అయింది. బూడిద రంగు నాదే, తాళంచెవి నాదే, అది తిరిగింది కూడా. ఇంకేం రుజువు కావాలి? ఆదివారానికి మూడు రోజులే ఉన్నాయి.

ఇట్లు,
రెండు కళ్లూ బాగున్న లెక్చరర్

తా.క.: మూల మలుపులో హారన్ మోగినప్పుడల్లా టీ దుకాణంలో కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడుతున్నారు. ఈ గౌరవం పాఠాలు చెప్పే రోజుల్లో దక్కి ఉంటే బాగుండేది.

* * *

అమ్మగారికి, మళ్లీ నేనే.

నాకు మతి పోయేలా ఉంది. పొద్దున్న ఒక పెద్దాయన వచ్చి "నా కారేదయ్యా" అన్నాడు. ఆయనదీ బూడిద రంగు పాత బండే, మీదీ ఆయనదీ ఒకే మోడలు. తన గేటుకు తనే గుద్దుకుని, సోమవారం చాటుగా తెచ్చి వదిలాడు. సొట్ట తీసేశాను. తర్వాత బండి కనబడకపోతే ఆయనే పట్టుకెళ్లాడనుకున్నాను.

ముందు మీ బండి చూసి "ఇదిగో, ఇదే" అని ఎక్కేశాడు. మీ సీటు వెనక్కి జరగదు కదా, మోకాళ్లు స్టీరింగు కింద ఇరుక్కుపోయాయి. మా ఆవిడా నేనూ చెరో చెయ్యి పట్టి లాగాం. "ఎవరిదయ్యా ఇది" అన్నాడు. ఫలానా లెక్చరరమ్మగారిదన్నాను. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పోలీసులకి చెబుదామంటే "వద్దు బాబూ, నేనిక్కడికి వచ్చినట్టే ఎవరికీ చెప్పకు" అంటాడు. కారు పోయినవాడు అలా అంటాడా అమ్మా?

ఆయన బండిలో ఇంకొక్క పని మిగిలింది. ఎడమకు తిప్పితే హారన్ మోగుతుంది. అప్పుడు తట్టింది నాకు. పాత బండ్ల తాళాలు అరిగిపోయి ఒకదాని చెవి ఇంకోదానికి పట్టేస్తుంటుంది. కోప్పడకుండా ఒక్కసారి కిందికి దిగి నంబరు చూస్తారా?

మీ మెకానిక్

తా.క.: పోతూ పోతూ ఆయన "ముందు అరలో ఒక చిన్న పెట్టె ఉంది, అది మాత్రం ఎవరి కంటా పడకూడదు" అన్నాడు.

* * *

మెకానిక్ గారికి,

నంబరు చూశాను. నా కారు మీ దగ్గరే ఉంది. ఈ వాక్యం రాయడానికి పావుగంట పట్టింది, మరోసారి రాయించవద్దు.

ఇక్కడున్నది మా తమ్ముడి కారు. నేను సెకండ్‌హ్యాండ్‌లో నాది కొన్న నెలకే ఊరంతా గాలించి అచ్చంగా ఇలాంటిదే కొన్నాడు. చిన్నప్పుడు నా పెన్నులాంటి పెన్నే కావాలని ఏడ్చినవాడే. గేటు సంగతి నాకు చెప్పలేదు. సిగరెట్లు మానేసి ఆరేళ్లయిందని మాత్రం పోయిన వారం కూడా చెప్పాడు.

నా నాలుగు లోపాలూ సరిచేసి, ఆదివారం అతను వచ్చేలోపు మీరే కారు తెచ్చి మా గేటు ముందు దీని పక్కన నిలపండి. పరీక్షించే ముందు, రెండింటిలో నాది ఏదో చూపించమంటాను. మొదటి ప్రశ్న అదే. రెండో ప్రశ్న దాకా రాడనుకుంటాను. ఆ డ్రైవరు నిజంగా మంచివాడైతే తానే పెట్టుకోవచ్చు. నేనూ పొరబడిన సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వండి.

ఇట్లు,
ఇకపై కూడా తన కారు తానే నడుపుకోబోయే లెక్చరర్

తా.క.: అతని కారులో ఆ హారన్ మాత్రం బాగుచేయవద్దు. వాళ్లింటి నుంచి మా ఇంటికి ఆఖరి మలుపు ఎడమకే.