నీ ఫొటో అంటించిన బండి

తమ్ముడూ మల్లేశం,

ఇవాళ నీ సంవత్సరీకం. పొద్దున్నే నీ కొడుకు కొత్త స్పోర్ట్స్ బండి మీద సిద్దిపేటలో మా ఇంటి ముందు దిగాడు. కొని వారం కాలేదు, అప్పుడే సైలెన్సర్ మార్పించాడు. ఆ రొదకు వీధి కుక్కలన్నీ లేచాయి. వెనక మడ్‌గార్డు పీకేసి, నంబరు ప్లేటు ఉండాల్సిన చోట నీ ఫొటో అంటించాడు. చక్రం చిమ్మిన బురదంతా నీ మీసాల మీదే. చూడలేక, కండువాతో తుడిచాను.

"ఎక్కు పెద్దబాపూ, మనూరు కోహెడల బస్సు కన్న ముందే దించుత!"

"కొత్త ఇంజనురా, ఇద్దరెక్కద్దు. మెల్లగ పో. నిన్ను గన్న మీ అవ్వకు ఇంక నువ్వొక్కనివే."

"గవన్నీ మీ కాలంల ముచ్చట్లే!"

నీ మొదటి బండికి ఇంజను కుదురుకునేదాకా ఇద్దరెక్కకూడదని, పెళ్లాన్ని బస్సెక్కించి, నువ్వు ఆ బస్సు వెనకే నలభై దాటకుండా వెళ్లేవాడివి. ఊళ్లో నిన్ను బస్సుకు తోక అనేవారు.

నేనూ బస్సే ఎక్కాను. ఊరు దాటాక పక్కన మళ్లీ అదే రొద. ఎదురుగా లారీ వస్తున్నా ఆగకుండా, నీ ఫొటో మా బస్సును రాసుకుంటూ ముందుకు పోయింది.

బతికినన్నాళ్లూ ఒక్క బస్సునైనా దాటలేదు కదరా నువ్వు.