ఇల్లు వదలకండి

ఉచితంగా కేసులు చూసే లాయరమ్మగారికి నమస్కరించి రాయునది.

మేము అద్దెకుంటున్న రెండు గదులూ ఖాళీ చేయించాలని ఇంటాయన కోర్టుకెక్కాడు. అద్దె ఏ నెలా ఆపలేదు. పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టుకుంటాడట. మొన్నటి నుంచి నీళ్ళు కూడా ఆపేశాడు. మా అత్తగారు మంచం దిగలేరు. మా ఆయన పోయాక ఆవిడకి నేను, నాకు కుట్టుమిషను. ఇద్దరం ఎక్కడికని పోతాం? లాయర్ని పెట్టుకునే స్తోమత లేదు.

ఇట్లు,
కుట్టుమిషను ఆవిడ

తా.క.: ఉచితం అంటే గెలిపించడం కూడానా, ఓడించడం వరకేనా?

*

అమ్మా, నమస్కారం.

మీలాంటి తక్కువ రాబడి వాళ్ళ కోసమే మా ఆఫీసు. కోర్టు ఆర్డరు లేకుండా మిమ్మల్ని ఎవరూ బయటికి పంపలేరు. నీళ్ళ సంగతి జడ్జిగారి ముందు పెడతాను. ఏం జరిగినా ఇల్లు వదలకండి. ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకండి.

ఇట్లు,
మీ లాయరు

తా.క.: ఓడిపోవడానికి లాయరెందుకమ్మా? అది ఎవరికి వాళ్ళే చేసుకోవచ్చు.

*

లాయరమ్మగారికి నమస్కారాలు.

మీ మాట జవదాటలేదు. ఉత్తరం అందినప్పటి నుంచి గడప దాటితే ఒట్టు. పక్కింటివాళ్ళు కిటికీలోంచి బిందె అందిస్తున్నారు. కుట్టిన యూనిఫారాలు కూడా కిటికీలోంచే ఇస్తున్నాను. నిన్న ఒకడు కాగితం తెచ్చి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు. కత్తెర చూపించాను. మళ్ళీ కనిపిస్తే ఒట్టు.

మీ మాట మీద నిలబడ్డ,
కుట్టుమిషను ఆవిడ

తా.క.: పారిపోతూ ఒక చెప్పు వదిలేశాడు. సాక్ష్యానికి పనికొస్తుందని గుడ్డలో చుట్టి పెట్టాను.

*

అమ్మా,

ఆ చెప్పు మా గుమాస్తాది. ఆయన తెచ్చింది వకాలతు. మీ తరఫున నేను మాట్లాడాలంటే దానిమీద మీ సంతకం కావాలి. ఇల్లు వదలకండి అంటే ఖాళీ చేయకండి అని, గడప దాటకండి అని కాదు. గురువారమే వాయిదా. మీరు రాకపోతే ఇంటాయన మాటే విని తీర్పు ఇచ్చేయొచ్చు. తప్పకుండా రండి.

కంగారుతో,
మీ లాయరు

తా.క.: గుమాస్తా ఒంటి చెప్పుతో బస్సెక్కితే, పాపం మతి చలించిందనుకుని ఎవరో లేచి సీటిచ్చారట.

*

లాయరమ్మనని చెప్పుకుంటున్న వారికి,

మొదట వదలొద్దన్నారు, ఇప్పుడు రమ్మంటున్నారు. ఈ ఉత్తరం ఇంటాయన రాయించింది కాదని నమ్మకమేంటి? పొద్దుట్నుంచి తాళంకప్ప పట్టుకుని మా గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు. నేనిటు దిగితే అటు తాళం పడుతుంది. లోపల అత్తగారు. ఆయన్నే చూస్తూ కుడుతుంటే సూది వేల్లో దిగింది. మీరు నిజంగా మా లాయరమ్మే అయితే కిటికీ దగ్గరికి వచ్చి చెప్పండి.

ఇట్లు,
ఎవరినీ నమ్మలేని మనిషి

తా.క.: వస్తే కాస్త దూరంగా నిలబడండి. కత్తెర చేతిలోనే ఉంటుంది.

*

అమ్మా,

మీ భయం అర్థమైంది. మీరొస్తే అత్తగారి దగ్గర ఎవరుంటారని ముందే అడగకపోవడం నా పొరపాటు. గురువారం పొద్దున్నే నేనే వస్తాను, కిటికీలోంచే సంతకం తీసుకుంటాను. నమ్మకమైన మనిషిని అత్తగారి దగ్గర కూర్చోబెట్టి, లోపల గడియ వేయించి, నాతో రండి.

ఇట్లు,
నిజంగా మీ లాయరు

*

మా లాయరమ్మగారికి వెయ్యి దండాలు.

కేసు తేలేదాకా మా జోలికి రావద్దని, నీళ్ళు వదలాలని జడ్జిగారు చెబుతుంటే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. ఇంటికి కాపలా ఎవరని అక్కడ మీరు అడిగితే, ఇంటాయన పక్కనే ఉన్నాడు కాబట్టి చెప్పలేదు.

కాపలా ఉన్నది ఆయన భార్యే. ఆ పొద్దున పెరటి గుమ్మంలోంచి వచ్చి, "నువ్వెళ్ళు వదినా, పెద్దావిణ్ణి నేను చూసుకుంటా" అని గడియ వేసుకుంది.

నేను తిరిగొచ్చేసరికి ఇంటాయన తలుపు బాదుతున్నాడు. "ఎవరే లోపల? తియ్యి!"

లోపల్నుంచి ఆవిడ గొంతు: "కోర్టు ఆర్డరుందా?"

సందంతా నవ్వింది.

ఇట్లు,
మీ కుట్టుమిషను ఆవిడ

తా.క.: ఆవిడ ఇంకా మా ఇంట్లోనే ఉంది, వెళ్ళనంటోంది. "ఇంత ఇల్లుంది కదమ్మా" అంటే, "ఇల్లు ఆయనది, దెబ్బలు నావి" అంది. ఆవిడ చేతిలో బస్సు చార్జీ కూడా లేదు. ఇంటి ఓనరు పెళ్ళానికి కూడా మీ దగ్గర ఉచితమేనా? వకాలతు మీద సంతకం నేను దగ్గరుండి పెట్టిస్తాను.