ఊగని చెయ్యి

తమ్ముడూ,

నువ్వు కొనిచ్చిన అడుగులు లెక్కేసే వాచీ బాగానే ఉంది. దాన్ని మార్పిస్తానని షాపు చుట్టూ తిరగకు. కిందటేడాదంతా "అక్కా, నువ్వు అడుగు తీసి అడుగు వెయ్యట్లేదు, నా ఫోన్లో తెలుస్తోంది" అని దెప్పావు. నేను రోజూ సాయంత్రం నడిచానురా! చూపు పోయాక మీ బావ నా ఎడమ మోచెయ్యి పట్టుకునే కదా నడిచేవారు. వాచీ ఉన్న ఆ చేతిని నడుముకి ఆనించి కదపకుండా ఉంచేదాన్ని. చెయ్యి ఊగకపోతే నీ వాచీ దాన్ని నడకగా లెక్కెయ్యదట.

ఉద్యోగమంతా బస్సు నడిపిన మనిషి, ఒకరు నడిపిస్తే నడవడం ఆయనకి నామోషీ. మలుపు రాగానే "హారన్ కొట్టవే, ఎదురుగా బండి వస్తే?" అనేవారు. నేను సిగ్గు విడిచి "పాం పాం" అంటే వీధి వీధంతా నవ్వేది.

ఆయన పోయిన నెలకి నువ్వు ఫోన్ చేసి "పోనీలే అక్కా, ఇప్పటికైనా నడక మొదలుపెట్టావు" అన్నావు. నీ తప్పేం లేదు. నా చెయ్యి ఖాళీ అయింది, అంతే. ఆ మాట చెప్పబోయి, పొయ్యి మీద పాలున్నాయని ఫోన్ పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

నిన్నటి నుంచి మళ్ళీ చెయ్యి మడిచి నడుముకి ఆనించే నడుస్తున్నాను. అలా అయితేనే మలుపు దాకా వెళ్ళగలుగుతున్నాను. ఇక నీ ఫోన్లో నేను కుర్చీలో కూర్చున్నట్టే కనిపిస్తాను. కంగారు పడి ఫోన్ చెయ్యకు. ఆ వేళకి మేం ఇంట్లో ఉండం.

నీ అక్క