అత్తయ్య చెవుల పరీక్ష

అమ్మా, ఇక్కడ అందరం క్షేమమే గానీ నా గుండె దడ మాత్రం ఇంకా తగ్గలేదు. చెవుడున్నవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా చెవి మిషన్లు ఇస్తోందని నిన్న అత్తయ్యను శిబిరానికి తీసుకెళ్లాం. వద్దు వద్దని చెయ్యి ఊపుతూనే ఉంది. మొహమాటం అనుకుని మీ అల్లుడు బలవంతాన బయల్దేరదీశారు. పరీక్ష చేసిన అమ్మాయి బయటికొచ్చి, "మిషన్ ఇవ్వడం కుదరదండీ. సన్నటి చప్పుడుకి కూడా టక్కున చెయ్యెత్తారు. మీకన్నా బాగా వినపడుతోంది" అంది. అత్తయ్య తాపీగా, "ఇంట్లో అంటే ఊరుకున్నాను. నిజంగా వినపడనివాళ్ల మిషన్ నేనెలా తీసుకోనూ?" అంది.

గోడలకు చెవులుంటాయంటారు గానీ, అత్తయ్యకు ఉన్నాయని ఎవరనుకున్నారమ్మా! పోయినసారి నువ్వొచ్చినప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని గొంతైనా తగ్గించకుండా ఎన్నెన్ని అనుకున్నాం! తల ఎక్కడ పెట్టుకోను?

నాన్న మోకాళ్లు ఎలా ఉన్నాయి? అక్కడి శిబిరంలో చేతికర్రలు ఇస్తుంటే అడుగు. నా పెద్ద కత్తెర ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. చెల్లి జ్వరం తగ్గిందా?

ఇది రాస్తుండగానే అత్తయ్య తన మంచం హాల్లోకి జరిపించుకుంది. "గదిలో నీ కుట్టుమిషన్ వేసుకో. నేను పోయేదాకా ఆగక్కర్లేదని మీ అమ్మగారికి రాయి. అడిగానని కూడా రాయి" అంది.

రాశాను.

నీ కూతురు