ఫర్వాలేదు అనకూడదు

జూన్ 1, ఆదివారం
నీలవేణితో నిధి వేట సినిమాకి వెళ్ళాను. బండి మీద తిరిగొస్తూ అడిగింది: "ఎలాగున్నాది బావా?"

"ఫర్వాలేదు."

హైవే దాటాం. తర్వాత అంది: "పెళ్ళిచూపుల్లో నన్ను సూసి కూడా మీయమ్మతో అదే అన్నావంట. వచ్చే వారం మా చెల్లితో ఎల్తాను. సింధూరైతే నాలుగు మాటలు మాట్లాడతాది."

ఇది చిన్న విషయం కాదు. నేను తాళ్ళ దుకాణంలో, ఆవిడ కుట్టుమిషన్ దగ్గర. ఇద్దరం కలిసి బయటికెళ్ళేది ఆదివారం సినిమాకే. బతిమాలితే ఇంకొక్క వారం ఇచ్చింది.

తీర్మానం: ఇకమీదట "ఫర్వాలేదు" అనకూడదు. ప్రతి సినిమాకీ సొంత అభిప్రాయం. నోటితో.

జూన్ 2, సోమవారం
దుకాణంలో సాధన. నిన్నటి సినిమా మీద:
గుహ వెయ్యేళ్ళుగా మూసి ఉంది. లోపల కాగడాలు వెలుగుతున్నాయి. నూనె ఎవరు పోస్తున్నారు?
లోయ మీద కట్టింది కొబ్బరి తాడు. మనిషి బరువు ఆగుతుంది, గుర్రం ఆగదు.
హీరో ఎడారిలో వారం నడిచాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు.

బాగానే వస్తున్నాయి! రాత్రి అన్నం దగ్గర చెబుదామనుకున్నాను. కరెంటు పోయింది. చీకట్లో అభిప్రాయం చెబితే బాగోదు.

జూన్ 5, గురువారం
పక్క దుకాణం కూర్మయ్యకి సంగతి చెప్పాను. "దానికేటిరా, ఫోన్లో ఎవడో ఒకడు ముందే సూసి సెప్తాడు. బట్టీ పట్టి అప్పసెప్పీ" అన్నాడు.

ఈ వారం మంచుకొండల సినిమా. బేరం లేనప్పుడల్లా వీడియోలు చూశాను. సొంత అభిప్రాయం అని రాసుకున్న మాట నిజమే. మొదటి వారం కదా, సర్దుకోవచ్చు.

జూన్ 8, ఆదివారం
ఇంటర్వెల్‌లో సమోసా తింటూ మొదలుపెట్టాను. మాటలు ధారాళంగా వచ్చాయి. "మంచు బాగా తీశారు. దారి చూపించే తాతే దొంగ అన్న సంగతి మాత్రం తేలిపోయింది" అన్నాను.

నీలవేణి సమోసా ఆపింది. "ఆ తాత దొంగా?"

ఆ సంగతి సెకండాఫ్‌లో వస్తుంది. ముందు సీటాయన కూడా వెనక్కి తిరిగి చూశాడు.

"పదకొండేళ్ళకి నోరిప్పావు. ఇందుకా?" అంది. తాత తెర మీదికి వచ్చినప్పుడల్లా నావైపు చూసింది.

జూన్ 12, గురువారం
వానలు మొదలయ్యాయి. తాళ్ళకి గిరాకీ. అభిప్రాయాలకి తీరిక లేదు. అయినా మాట్లాడేవాళ్ళు ఏం సుఖపడ్డారు? కూర్మయ్యతో కూడా మాటలు తగ్గించాను.

జూన్ 15, ఆదివారం
ఓడ సినిమా సాయంత్రం ఆటకి అక్కచెల్లెళ్ళిద్దరూ ఆటోలో వెళ్ళారు. నీలవేణి నన్ను అన్నం వండమంది. నేను మధ్యాహ్నమే దుకాణం మూసి, అదే సినిమా ఒక్కణ్ణే చూసొచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

నీలవేణి తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. "సినిమా అంతా సింధూరి వాళ్ళత్త కథే సెప్పింది. ఆ ఓడ ఎందుకు మునిగిందో కూడా తెలీలేదు."

"వంటవాడు అడుగున కన్నం పెట్టాడు."

"నీకెలాగ తెలుసు?"

చెప్పక తప్పలేదు.

"ఒక్కడివే ఎల్లావా?" కుర్చీ ముందుకు జరుపుకుంది. "అయితే మొదట్నుంచి సెప్పు."

చెప్పాను. రేవులో ఓడ ఎక్కిన దగ్గర్నుంచి దీవి చేరేదాకా. తుఫానుకి బేసిను, గరిటె వాడాను. అన్నం మాడింది. ఇద్దరం పట్టించుకోలేదు.

చివర్లో అడిగింది: "ఇంతకీ నీకెలాగున్నాది?"

"ఫర్వాలేదు."

నోట్లోంచి వచ్చేసింది. నీలవేణి తల పట్టుకుంది. మాడిన గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్తూ, "వచ్చే వారం నువ్వే రా. ఆ సింధూరితో నావల్ల కాదు" అంది.

జూన్ 16, సోమవారం
తీర్మానం మళ్ళీ మొదలు. ఫోను చూడను.

ఓడ సినిమాకి నా సొంత అభిప్రాయం: ఓడ మునిగేటప్పుడు హాలంతా కేకలు. నేను పక్క సీటువైపు తిరిగాను. అక్కడ ఎవరిదో గొడుగు ఉంది.

ఇదే చెప్పాలి. పొద్దున్న టీ దగ్గర నోరు తెరిచాను. పంచదార సరిపోయింది అన్నాను.

ఇంకా సాయంత్రం టీ ఉంది.